పేరు చెప్పుకుంటేనే పారిష్

డిసెంబర్ సెలవులకు నకిరేకల్ దగ్గర మా ఊరికి వస్తే చాలు, మా అమ్మ ఇంటి అరుగు ఆఫీసు అయిపోతుంది. వీసా సందేహాలు, జీతం సందేహాలు, చలికి ఏం కొనుక్కోవాలన్న సందేహాలు. ఈసారి దేవరకొండ నుంచి మా పెద్దమ్మ కొడుకు బిడ్డ వచ్చింది. నర్సింగ్ చదివి, నల్లగొండలో రెండేళ్లు పనిచేసి, జనవరిలో ఇంగ్లండ్ పోతోంది. అన్నీ అడిగేసి, లేచి చెప్పులేసుకుంటూ గొంతు తగ్గించి అడిగింది: "అత్తా, ఆడ పూజకు మనల్ని రానిస్తరా?"

మేం రోమన్ కేథలిక్ క్రైస్తవులం. మా మాటల్లో గుడి అంటే చర్చి, పూజ అంటే చర్చిలో జరిగే మాస్. రానిస్తారు బిడ్డా, కానీ పిలవరు అన్నాను. ఈ రెండింటికీ తేడా ఉందని తెలియడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఆ పిల్లలాగా ఇంకెందరో వెళ్తున్నారు కాబట్టి, ఆ రోజు అరుగు మీద చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను.

మన దగ్గర ఎలా ఉంటుంది? ఫాదర్‌గారు విచారణ (ఒక ఫాదర్ చూసుకునే ఊళ్ల సమూహం, ఇంగ్లిష్‌లో పారిష్) కేంద్రంలో ఉంటారు, చుట్టూ పది పదిహేను ఊళ్లు. మన ఊరికి వంతు వచ్చిన రోజున ఉపదేశిగారు, అంటే ఊళ్లో ఫాదర్‌కు సాయంగా ఉండే బోధకుడు, గంట కొట్టిస్తారు. రెండు వారాలు కనబడకపోతే ఇంటికే వచ్చి "ఏమైందమ్మా, జ్వరమా?" అని అడుగుతారు. ఎవరి పిల్లకు సంబంధాలు చూస్తున్నారో, ఎవరింట్లో ముసలాయన మంచాన పడ్డాడో గుడికి ముందే తెలుసు. అక్కడ మీ గురించి గుడికి ఏమీ తెలియదు. మీరు చెప్పేదాకా తెలియదు.

నేను వెళ్లింది 2005 నవంబర్‌లో, బర్మింగ్‌హామ్‌కు అరగంట దూరంలోని ఒక ఊరికి. మొదటి ఆదివారం గుడి వాకిట్లో అలవాటు కొద్దీ షూ విప్పేసి లోపలికి నడిచాను. రాతి నేల, ఐసు మీద నడిచినట్టే ఉంది. వెనకాల ఒక ఐరిష్ పెద్దమ్మ నా షూ చేత్తో పట్టుకుని వచ్చి, తడిసిపోయాయా అని అడిగింది. చుట్టూ చూస్తే అందరి కాళ్లకూ బూట్లే. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క అనేది లేదు. చాప లేదు, బల్లలే. తల మీద చున్నీ వేసుకున్నది నేనొక్కదాన్నే. ఇప్పటికీ వేసుకుంటాను, ఎవరూ ఏమీ అనరు. షూ మాత్రం విప్పకండి.

పూజ మాత్రం మన పూజే, అదే వరస. ఒక్క చిట్కా చెబుతాను, నాకు ఎవరూ చెప్పలేదు. ఆదివారం బైబిల్ పఠనాలు మూడేళ్లకొకసారి తిరిగి వచ్చే ఒకే పట్టిక ప్రకారం జరుగుతాయి. మీ అమ్మ నల్లగొండలో వినే సువిశేషమే (యేసు జీవితం గురించిన బైబిల్ భాగమే), కొన్ని గంటల తేడాతో, మీరు అక్కడ వింటారు. శనివారం రాత్రి పడుకునే ముందు అది తెలుగులో చదువుకుని వెళ్లండి. అక్కడి ఫాదర్ స్కాట్లండ్ యాసలో మాట్లాడినా, నైజీరియా యాసలో మాట్లాడినా ప్రసంగం సగం అర్థమైపోతుంది. జవాబులు ఇంగ్లిష్‌లో నోటికి రావడానికి నెల పడుతుంది. అప్పటిదాకా మెల్లగా తెలుగులో చెప్పుకోండి, నేనూ అంతే చేశాను. పూజలో ఒకరికొకరు సమాధానం, అంటే శాంతి, చెప్పుకునేటప్పుడు మనం చేతులు జోడిస్తాం, వాళ్లు చెయ్యి కలుపుతారు. డప్పు లేదు, తబలా లేదు, చప్పట్లు లేవు. గంట లోపే పూజ అయిపోతుంది, చివరి పాట అవుతుండగానే కొందరు కారు తాళాలు తీస్తారు. మొదట్లో నాకు ఇది పూజేనా అనిపించేది. ఇప్పుడు ఆ నిశ్శబ్దమే కావాలనిపిస్తుంది, మన ఊరి మైకు సెట్టు సౌండ్‌కు నాకు తలనొప్పి వస్తోంది. ఈ మాట మా అమ్మ దగ్గర అనను.

నర్సులకు పెద్ద టెన్షన్ డ్యూటీలది. ఆదివారం లాంగ్ డే (రోజంతా సాగే డ్యూటీ) పడితే పూజ తప్పినట్టేనా? కాదు. శనివారం సాయంత్రం పూజ ఆదివారం పూజ కిందే లెక్క. అది పారిష్ ఇచ్చిన వెసులుబాటు కాదు, శ్రీసభ (కేథలిక్ చర్చి) చట్టంలోనే ఉంది. మీ పారిష్‌లో కుదరకపోతే పక్క పారిష్‌లో ఆదివారం సాయంత్రం పూజ ఉందేమో చూడండి. నైట్ డ్యూటీ దిగి తూలుతూ వెళ్లే బదులు పడుకుని లేచి వెళ్లడం మంచిది. నేనొకసారి ప్రసంగంలో నిద్రపోయి ముందు బల్లకు తల కొట్టుకున్నాను.

ఇక ఆ ఆరు నెలల సంగతి. ఆఖరి బల్లలో కూర్చుని, దీవెన కాగానే బయటపడేదాన్ని. హాల్లో టీ ఇస్తారని తెలుసు, కానీ ఎవరూ రమ్మనలేదు కదా అని వెళ్లేదాన్ని కాదు. పిలవని పేరంటానికి ఎలా వెళ్తాం అనుకున్నాను. వాళ్లేమో, ఈ అమ్మాయికి తొందర పని ఉంటుంది, ఆపితే బాగుండదు అనుకున్నారట. ఆ తర్వాతి మే నెలలో మా ఆయనకు అపెండిక్స్ ఆపరేషన్ అయింది. వార్డులో నాలుగు రోజులు. ఆదివారం వచ్చింది, సోమవారం వచ్చింది, ఫాదర్ రాలేదు. సత్ప్రసాదం (పూజలో పంచే పవిత్రమైన రొట్టె) లేదు, పలకరింపు లేదు. మన ఊళ్లో అయితే ఆ పాటికి ఉపదేశిగారు రెండుసార్లు వచ్చి, మూడోసారి కోడిగుడ్లు పంపేవారు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. గుడికి వెళ్లి ఒక గోవా ఆంటీ దగ్గర కక్కేశాను. ఆమె అంతా విని ఒకే మాట అడిగింది: "ఎవరికైనా చెప్పావా?"

చెప్పలేదు. హాస్పిటల్ ఫారంలో మతం అన్న చోట ఎందుకులే అని ఖాళీగా వదిలేసింది కూడా నేనే. రోగి ఒప్పుకోకుండా హాస్పిటల్ వాళ్లు గుడికి చెప్పరు, చెప్పకూడదు కూడా. ఆ సాయంత్రమే ఫాదర్ వచ్చారు, వారం రోజులు మాకు ఎవరో ఒకరు సూప్ తెచ్చి ఇచ్చారు. ఆ సూప్‌లో ఉప్పు లేదు, కారం లేదు. కన్నీళ్లతో తాగాను, కొంత అందుకే.

కాబట్టి మొదటి వారంలోనే చేయాల్సింది ఇది. పూజ తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ ఫాదర్‌కు పేరు చెప్పండి, నల్లగొండ నుంచి వచ్చానని చెప్పండి, రిజిస్ట్రేషన్ ఫారం అడిగి తీసుకోండి. రెండో వారం హాల్లోకి వెళ్లి టీ తాగండి. మూడో వారం కప్పులు కడగండి. నవ్వకండి, నేను ఇంగ్లిష్‌లో ధైర్యంగా మాట్లాడటం నేర్చుకున్నది ఆ సింకు దగ్గరే. చేతులు పనిలో ఉంటే నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. పిల్లలకు సత్యోపదేశం (మత పాఠాలు) చెప్పే పనికి మాత్రం డీబీఎస్ అనే పోలీసు రికార్డు తనిఖీ అడుగుతారు. మమ్మల్ని అనుమానిస్తున్నారా అని ముఖం మాడ్చుకోవద్దు, అక్కడ పుట్టినవాళ్లకూ అదే.

కాగితాల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే మనవాళ్లు ఇబ్బంది పడుతున్నారు. బయలుదేరే ముందు విచారణ ఆఫీసుకు వెళ్లి జ్ఞానస్నానం (బాప్తిస్మం), భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) సర్టిఫికెట్లు, పెళ్లయితే గుడి పెళ్లి సర్టిఫికెట్ తీసుకోండి. పెళ్లి కాని వాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అక్కడ పెళ్లి కుదిరితే జ్ఞానస్నాన సర్టిఫికెట్ ఆరు నెలల లోపు తీసినది అడుగుతారు. పెళ్లి వివరం కూడా జ్ఞానస్నాన రిజిస్టరు అంచునే రాస్తారు కాబట్టి, మీకు ముందే పెళ్లి కాలేదని తాజా నకలు చూసి తెలుసుకుంటారు. లామినేషన్ చేయించి బీరువాలో దాచుకున్నది ఆ పనికి రాదు. ఇక్కడి ఫాదర్‌గారి ఆఫీసు నంబరు మీ దగ్గర ఉండాలి.

పేర్ల సంగతి ఇంకో తలనొప్పి. రిజిస్టర్‌లో రాయప్ప అని ఉంటుంది, పాస్‌పోర్టులో పీటర్ అని ఉంటుంది. రాయప్ప అన్నా పీటర్ అన్నా ఒకరే అని ఇంగ్లండ్ పారిష్ సెక్రటరీకి ఎలా తెలుస్తుంది? కొందరికైతే రెండు పేర్లకూ పోలికే ఉండదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. అందుకే మన పల్లెల్లో చాలామందికి బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు. ఇందులో సిగ్గుపడాల్సింది మనం కాదు. ఇద్దరూ ఒకరే అని విచారణ గురువులతో లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాలు రాయించుకుని పోండి, అంతే.

పిల్లలున్నవాళ్లకు ఆ కాగితం విలువ ఇంకా ఎక్కువ. ఇంగ్లండ్‌లో చాలా కేథలిక్ బడులు ప్రభుత్వ డబ్బుతో నడుస్తాయి, ఫీజు లేదు. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే జ్ఞానస్నానం పొందిన పిల్లలకు ముందు ఇస్తారు. కొన్ని బడులు ఆదివారం పూజకు వస్తున్నారా అని ఫాదర్ సంతకం కూడా అడుగుతాయి. ప్రైమరీకి గడువు జనవరి 15, సెకండరీకి అక్టోబర్ 31. జనవరి 10న వచ్చి "ఫాదర్, నేను మీ పారిషే" అంటే ఆయన మిమ్మల్ని ఎప్పుడూ చూసి ఉండరు. ఈ సంతకం కోసమే గుడికి వచ్చి, సీటు రాగానే మాయమయ్యేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. ఫాదర్లకు అది బాగా తెలుసు.

కానుక బుట్ట తిరుగుతుంది, ఇప్పుడు తలుపు దగ్గర కార్డు మిషన్ కూడా పెడుతున్నారు. జీతంలో పన్ను కట్టేవాళ్లు గిఫ్ట్ ఎయిడ్ ఫారం నింపితే, మీరిచ్చే ప్రతి పౌండుకూ ప్రభుత్వం గుడికి 25 పెన్సులు కలుపుతుంది. పన్ను కట్టని స్టూడెంట్లు దాని మీద సంతకం పెట్టవద్దు.

ఇక మనుషులు. మా పారిష్‌లో ఆదివారం పూజకు ఇరవైకి పైగా దేశాల వాళ్లుంటారు. పవిత్ర శనివారం (ఈస్టర్ ముందు రోజు) నాడు పోలండ్ వాళ్లు గుడ్లు, రొట్టె, మాంసం బుట్టల్లో తెచ్చి దీవింపజేసుకుంటారు. ఫిలిప్పీన్స్ వాళ్లు డిసెంబర్ 16 నుంచి తొమ్మిది రోజులు పూజలు జరిపి, ఆఖర్న అందరికీ నూడుల్స్ పెడతారు. నైజీరియా అమ్మలు కానుకలు తెచ్చేటప్పుడు నాట్యం చేస్తూ వస్తారు, నాకు మన ఊరి పండుగ గుర్తుకొస్తుంది. మలయాళీల్లో ఎక్కువమందిది సీరో మలబార్ రీతి (కేరళ కేథలిక్కుల సొంత పూజా పద్ధతి), 2016 నుంచి ప్రెస్టన్ కేంద్రంగా వాళ్లకు సొంత మేత్రాసనమే (బిషప్ పాలించే ప్రాంతమే) ఉంది. అక్కడికి వెళ్లినా మీ ఆదివారం పూజ చెల్లుతుంది, కానీ మలయాళం రాకపోతే మన ఊరి పిల్లి పక్క ఊళ్లో తిరిగినట్టు ఉంటుంది. మట్టల ఆదివారం నాడు మాత్రం దిగులుగా ఉంటుంది. ఇక్కడ ఈత మట్టలు పట్టుకుని ఊరంతా తిరుగుతాం. అక్కడ ఎండిన ఆకుతో మడిచిన చిన్న సిలువ చేతిలో పెడతారు.

అంతర్జాతీయ విందు అని ఏడాదికి ఒక రోజు పెడతారు. మొదటి ఏడాది కోడికూర మన కారంతో చేసి తీసుకెళ్లాను. ఒక ముసలాయన రెండు ముద్దలు తిని కిటికీ దగ్గరికి వెళ్లిపోయాడు. మరుసటి ఏడు సకినాలు తీసుకెళ్లాను. అప్పటినుంచి నా పేరు సగం మందికి తెలియదు, "ఆ చక్రాల ఆవిడ" అంటారు. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతులు (ఆర్చ్‌బిషప్) పూల ఆంథోనిగారు కార్డినల్ (పోప్ తర్వాతి హోదా) అయినప్పుడు ఇదే హాల్లో నాకు కేకు కోయించారు, నేనేదో సాధించినట్టు. తెలుగువాళ్లలో ఆయనే మొదటి కార్డినల్, దళితుల్లోనూ ఆయనే మొదటివారు. పూల అంటే ఏమిటని అడిగితే పువ్వులు అన్నాను. షూ తెచ్చిచ్చిన ఐరిష్ పెద్దమ్మ ఎంత మురిసిపోయిందో.

తెలుగు పూజ దగ్గర్లో జరిగితే తప్పకుండా వెళ్లండి. మన పాట మన నోటితో పాడితే ఆ వారమంతా గడిచిపోతుంది. కానీ అది నెలకో రెండు నెలలకో ఒకసారి. మిగతా ఆదివారాలు ఖాళీగా వదిలి దానికోసమే ఎదురుచూడకండి. ఇంకో మాట, అక్కడ కొందరు "మీదే ఊరు?" అని మొదలుపెట్టి, ఇంటిపేరు దాటి, ఊళ్లో ఏ వాడ అన్నదాకా లాగుతారు. విమానంలో ముప్పై కిలోలు దాటితే డబ్బు కడతాం, ఈ బరువుకు మాత్రం ఎవరూ ఏమీ కట్టరు. అలాంటివాళ్లకు ఊరి పేరు చెప్పి ఊరుకోండి.

భర్త సీఎస్ఐ (ప్రొటెస్టంట్), భార్య ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) అయిన జంటలు, హిందువులైన స్నేహితులు మాతో వస్తారు. సత్ప్రసాదం తీసుకోనివాళ్లు చేతులు గుండె మీద అడ్డంగా పెట్టుకుని వరుసలో వెళ్తే ఫాదర్ దీవిస్తారు. బల్లలో ఒక్కరే మిగిలిపోయి ఇబ్బంది పడక్కర్లేదు.

ఇదంతా విని మా పిల్ల అడిగిన ప్రశ్న ఇది: "అయితే క్రిస్మస్‌కు ఎట్ల అత్తా? కారు లేదు గదా."

మంచి ప్రశ్న. డిసెంబర్ 25న అక్కడ రైళ్లు నడవవు, బస్సులూ దాదాపు ఉండవు. ముందు రోజు సాయంత్రం పూజకు వెళ్లాలి, లేకపోతే ఎవరైనా కారులో ఎక్కించుకోవాలి. ఎవరైనా ఎక్కించుకోవాలంటే నువ్వు ఏ వీధిలో ఉంటావో నవంబర్ కల్లా నలుగురికి తెలిసి ఉండాలి.

ఆ పిల్ల ఫోనులో టైము చూసుకుంది. నాలుగున్నర. ఐదింటికి ఫాదర్‌గారు పల్లెలకు వెళ్లిపోతారని ఎవరో అన్నారు. సర్టిఫికెట్ల కోసం ఆధార్ జిరాక్స్ చాలా, పాస్‌పోర్టుది కూడా కావాలా అని అడుగుతూనే బండి స్టార్ట్ చేసింది. రెండూ తీసుకుపో బిడ్డా అని వెనక నుంచి అరిచాను.