శిక్ష గురించీ, సిగరెట్ గురించీ: ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

నువ్వు పంపిన రెండూ చదివాను. శిక్షల్లో న్యాయం మీద రాసిన వ్యాసం ఒకసారి, సిగరెట్ మానలేక సతమతమయ్యే మనిషి కథ రెండుసార్లు. ఈ రెండింటిలో ఏది నా దారి అని అడిగావు. నా దృష్టిలో నువ్వు రాసింది రెండు విషయాల మీద కాదు. తప్పు చేసిన మనిషిని ఏం చేయాలి అన్న ఒకే ప్రశ్నను రెండు వైపుల నుంచి పట్టుకున్నావు. వ్యాసంలో ఆ మనిషి ముక్కూ మొహం తెలియని నేరస్థుడు. కథలో అతను తనను తానే బోనులో నిలబెట్టుకుని, తానే తీర్పు చెప్పుకుంటున్నాడు. కథ రాసేటప్పుడు నీకు బాగా తెలిసిన సంగతిని వ్యాసం రాసేటప్పుడు మరిచిపోయావు. ఈ ఉత్తరమంతా దాని గురించే.

కఠినంగా శిక్షిస్తే తప్ప నేరాలు తగ్గవన్న మాటతో వ్యాసం మొదలుపెట్టి అదే మాటతో ముగించావు. నడుమ అన్ని పేజీలలో ఒక్క ముద్దాయి లేడు, ఒక్క న్యాయమూర్తి లేడు, నష్టపోయిన మనిషి ఒక్కడూ లేడు. నీ ఆవేశం నిజమైనది, దాన్ని వదులుకోమని చెప్పను. కానీ ఆ వాక్యం నిజమా కాదా అని ఎక్కడా ఆగి చూసుకోలేదు. ఆ పని నీ వయసువాడే ఒకడు చాలా కాలం కిందట చేశాడు. ఇటలీలోని మిలాన్‌కు చెందిన చెజారే బెకారియా నేరాలు, శిక్షల మీద తన చిన్న పుస్తకాన్ని 1764లో ప్రచురించినప్పుడు ఆయనకు 26 ఏళ్లు. చిత్రహింసలూ బహిరంగ మరణశిక్షలూ మామూలైన యూరప్‌లో నిలబడి ఆయన చెప్పిన మాట ఇది: నేరాన్ని ఆపేది శిక్షలోని క్రౌర్యం కాదు, శిక్ష తప్పదన్న నమ్మకం, అది ఆలస్యం లేకుండా పడుతుందన్న నమ్మకం. తరువాతి కాలపు నేరశాస్త్ర పరిశోధనలు స్థూలంగా అటే మొగ్గాయి. పట్టుబడతానన్న భయం మనిషిని ఆపినంతగా, పదేళ్ల శిక్షను ఇరవై ఏళ్లు చేయడం ఆపదు.

ఇప్పుడు నీ కథ తెరిచి చూడు. సిగరెట్ తనను చంపగలదని నీ కథానాయకుడికి తెలుసు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ పొగతాగడానికీ ఉన్న సంబంధాన్ని బ్రిటన్ పరిశోధకులు రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1950లోనే చూపించారు. 1964లో అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య అధిపతి అయిన సర్జన్ జనరల్ నివేదిక దానికి ప్రభుత్వ ముద్ర వేసింది. మానకుండా తాగేవారిలో సగం మంది దాకా పొగాకు వల్లనే చనిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంతకన్నా కఠినమైన శిక్ష ఏ శాసనంలో ఉంటుంది? అయినా అతను వెలిగిస్తాడు. ఆ మరణం ఎప్పుడో ఏళ్ల తరువాతి సంగతి, రావచ్చు, రాకపోవచ్చు. పీల్చిన పొగలోని నికోటిన్ మాత్రం సెకన్లలో మెదడుకు చేరుతుంది. అతను వంటగదిలో దీపం వేయకుండా అగ్గిపెట్టె కోసం తడుముకునే ఆ ఒక్క పేజీ, బెకారియా వాదనను నీ వ్యాసం కంటే బాగా అర్థం చేసుకుంది. ఆ పేజీలో ఒక్క అక్షరం కూడా మార్చకు.

కఠినత్వం చేసే ఇంకో పని ఉంది. వ్యాసాన్ని తిరగరాస్తే దీని మీద ఎక్కువసేపు నిలబడు. పద్దెనిమిదో శతాబ్దం చివరినాటికి ఇంగ్లండ్‌లో 200కు పైగా నేరాలకు ఉరిశిక్ష ఉండేది. నివాస గృహంలో 40 షిల్లింగులు, ఆపైన విలువ చేసే సొత్తు దొంగిలిస్తే ఉరి. ఆ రోజుల్లో ముద్దాయి దోషో కాదో తేల్చే పన్నెండు మంది పౌరుల జ్యూరీలో కూర్చున్నవారు చాలాసార్లు ఏం చేసేవారంటే, పోయిన సొత్తు అంతకన్నా ఎక్కువ విలువైనదని స్పష్టంగా తెలుస్తున్నా, దాని విలువ 39 షిల్లింగులే అని తేల్చేవారు. దైవసాక్షిగా ప్రమాణం చేసిన మనుషులు, ఒక దొంగ మెడకు ఉరి పడకూడదని అబద్ధం చెప్పారు. ఆ ఒక్క షిల్లింగు తేడాలో ఒక నవలకు సరిపడా సరుకుంది, తమ్ముడూ. ఆ పన్నెండు మందిలో అబద్ధం చెప్పడం ఇష్టం లేనివాడు ఒకడుంటాడు కదా, వాడి గురించి ఆలోచించు. చట్టం మోయలేనంత బరువైతే మనుషులు దాన్ని దొంగచాటుగా తగ్గించుకుంటారు. కానీ అలా తగ్గించడం ముద్దాయి ముఖం చూసి, మాటతీరు చూసి జరుగుతుంది. ఒకడు బతుకుతాడు, అదే పని చేసిన ఇంకొకడు ఉరికంబం ఎక్కుతాడు. దయ కూడా అదృష్టం మీద ఆధారపడితే అందులో న్యాయం ఎక్కడుంది?

ఒకే నేరానికి ఒకే శిక్ష అని నువ్వు రాసిన వాక్యం వినసొంపుగా ఉంది, అందుకే దాన్ని అనుమానించు. ఒకే మొత్తం జరిమానా ఒక కూలీకి నెల తిండి, ఒక ధనికుడికి లెక్కలోకి రాని చిల్లర. ఫిన్లాండ్ 1921 నుంచే జరిమానాను రోజుల లెక్కన వేస్తోంది. నేరం తీవ్రతను బట్టి ఎన్ని రోజులో నిర్ణయిస్తారు, ఒక్కో రోజుకు ఎంత అన్నది ఆ మనిషి ఆదాయాన్ని బట్టి ఉంటుంది. కాగితం మీద అంకెలు వేరైనా ఇద్దరికీ తగిలే దెబ్బ దాదాపు ఒకటే. దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచేది అమెరికాలో 1986లో వచ్చిన చట్టం. పొడి కొకైన్ 500 గ్రాములు అమ్మితే పడే కనీస ఐదేళ్ల శిక్ష, అదే కొకైన్‌ను క్రాక్ అనే, పొగగా పీల్చే గడ్డల రూపంలో కేవలం 5 గ్రాములు అమ్మినా పడేది. క్రాక్ కేసుల్లో శిక్ష పడినవారిలో అత్యధికులు నల్లజాతివారు. నూటికి ఒకటిగా ఉన్న ఆ తేడాను 2010లో 18కి ఒకటిగా తగ్గించారు, పూర్తిగా తీసివేయలేదు. ఆ చట్టం మాటల్లో జాతి ప్రస్తావన ఎక్కడా లేదు. అన్యాయం ఇలా గ్రాముల లెక్కలో కూడా దాక్కుంటుంది. రచయిత అక్కడికి వెళ్లి చూడాలి.

నేనిదంతా రాసినందుకు నేరస్థుడి పక్షాన నిలబడమని చెబుతున్నానని అనుకోకు. నీ వ్యాసంలో నష్టపోయిన మనిషి లేకపోవడమే నన్ను అన్నిటికన్నా బాధించింది. వారి పేరు మీదే అంత కోపంగా రాశావు, వారిని మాత్రం ఒక్కసారి కూడా మాట్లాడనివ్వలేదు. శిక్ష విషయంలో వారందరూ ఒకటే కోరుతారనుకోవడం పొరపాటు. కొందరికి దోషి జైలులో ఉండాలి. కొందరికి నిజం బయటపడాలి, అది చేసింది తానేనని దోషి తన నోటితో చెప్పాలి. కొందరికి ఆ పేరు మళ్లీ వినపడకుండా ఉంటే చాలు. వారి గాయాన్ని చెప్పని కరుణా, వారిని అడగని కోపమూ రెండూ నాకు అసంపూర్ణంగానే కనిపిస్తాయి. న్యాయమైన శిక్ష గురించి రాసేవాడు ఆ గదిలోకి వెళ్లాలి, కూర్చోవాలి, వాళ్లు చెప్పింది రాసుకోవాలి.

ఇక కథ రెండో సగానికి వస్తాను. అక్కడ నువ్వు దారి తప్పావు. ఎన్నో రోజులు నిగ్రహించుకున్న మనిషి ఒక సిగరెట్ తాగాడు. తరువాత మూడు పేజీల పాటు తనను తాను తిట్టుకున్నాడు. ఆ తిట్లు రాస్తున్నప్పుడు నీ కలం అతని పక్షాన లేదు, తీర్పు చెప్పేవాడి పక్షాన ఉంది. నిజానికి ఎవరి సహాయమూ లేకుండా మానాలని ప్రయత్నించేవారిలో ఏడాది నిలిచేవారు పది మందిలో ఒకరికన్నా తక్కువ. అంటే అతని ఓటమి చాలా మామూలు సంగతి, కథ అక్కడ ముగియనక్కరలేదు. మనస్తత్వవేత్త అలన్ మార్లట్ వ్యసనాల మీద పనిచేస్తూ ఒక విషయం గమనించాడు. ఒకసారి జారినవాడు ఆ జారుడును తన స్వభావానికే ఆపాదించుకుంటే, నేనింతే, నా వల్ల కాదు అనుకుంటే, ఆ ఒక్క సిగరెట్ పూర్తి పతనంగా మారే అవకాశం ఎక్కువ. ఎలాగూ చెడింది కదా అని మిగతా పెట్టె కూడా తాగేస్తాడు. నీ పాత్ర తనకు వేసుకున్న శిక్షే అతన్ని రెండో సిగరెట్ దగ్గరకు తీసుకెళ్లింది. నువ్వు మాత్రం అతని బలహీనత తీసుకెళ్లిందని రాశావు.

ఆస్ట్రేలియా నేరశాస్త్రవేత్త జాన్ బ్రెయిత్‌వైట్ 1989లో నేరం గురించీ, సిగ్గు గురించీ చెప్పినదాన్ని దీని పక్కన పెట్టి చదువుకో. నువ్వు చేసిన పని చెడ్డది అని చెప్పి మనిషిని తిరిగి తమలోకి తీసుకునే సమాజం ఒకటి, నువ్వే చెడ్డవాడివి అని చెప్పి గడప అవతల నిలబెట్టేది ఇంకొకటి. రెండోది మనిషిని మళ్లీ నేరంలోకే నెడుతుందన్నది ఆయన వాదన. ఈ రెండు పరిశీలనలూ వేర్వేరు రంగాలవి, కానీ నీ రెండు రచనలూ ఇక్కడే కలుస్తాయి.

అలాగని ఈ పోలికను ఎక్కువ దూరం లాగకు. పొగతాగడం నేరం కాదు. సిగరెట్ మళ్లీ ముట్టినవాడు ఎవరి ప్రాణమూ తీయలేదు. హంతకుడి పశ్చాత్తాపాన్నీ అతని పశ్చాత్తాపాన్నీ ఒకే మాటలతో రాస్తే చనిపోయినవారికి అపచారం చేసినట్టే.

రెండూ నిజంగా ఒకే గదిలో కలిసిన సందర్భం ఒకటుంది. అమెరికాలోని నెవాడా జైలులో విలియం మెకిన్నీ అనే ఖైదీని, రోజుకు ఐదు పెట్టెల సిగరెట్లు తాగే ఖైదీతో ఒకే గదిలో ఉంచారు. ఆ పొగ భవిష్యత్తులో తన ఆరోగ్యాన్ని దెబ్బతీస్తుందని, రాజ్యాంగం నిషేధించిన క్రూరమైన శిక్షతో ఇది సమానమని అతను కోర్టుకు వెళ్లాడు. ఇంకా జబ్బు చేయకపోయినా అలాంటి ఫిర్యాదును కోర్టులు వినాలని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పులో న్యాయమూర్తి రాసింది కొన్ని సంవత్సరాల నిర్బంధం. ఆ పొగను ఎవరూ రాయలేదు, అయినా అతను అనుభవించాడు. శిక్షలోని న్యాయాన్ని తూచాలంటే తీర్పులో రాసి లేని ఇలాంటివన్నీ తక్కెడలో వేయాలి. అవతలి ఖైదీని కూడా మరిచిపోకు. ఆ తరువాతి కాలంలో చాలా దేశాలు జైళ్లలో పొగతాగడం నిషేధించాయి. న్యూజిలాండ్ 2011లో చేసింది. ఆరోగ్యానికి అది మేలే. అయితే మానడానికి సహాయమేదీ అందక నిషేధం వల్లనే మానినవారిలో ఎక్కువ మంది విడుదలైన కొద్ది రోజులకో వారాలకో మళ్లీ మొదలుపెడతారు. బలవంతం తలుపు తెరుచుకునేదాకానే పనిచేసింది. నీ కథానాయకుడిని అక్కడ పెట్టి చూడమని అడగాలని ఉంది, కానీ కథ నీది.

నీ ఉత్తరం చివర్లో చిన్న అక్షరాలతో రాసిన విషయానికి వస్తాను. నువ్వూ మానాలని చూస్తున్నావు, కానీ సిగరెట్ లేకపోతే వాక్యం కదలడం లేదు. అది నీ ఊహ కాదు. నికోటిన్ ఆగిన మొదటి రోజుల్లో చిరాకు, నిద్రలేమి, ఏకాగ్రత లోపం అన్నీ వస్తాయి. మొదటి వారంలోనే తీవ్రంగా ఉండి కొన్ని వారాలలో తగ్గిపోతాయి. సిగరెట్ వెలిగించగానే బుర్ర తేటపడినట్టు అనిపించడంలో చాలా భాగం, అంతకు ముందు సిగరెట్ లేక కలిగిన ఇబ్బంది తీరడమే. కాబట్టి ఆ కొద్ది వారాలు నవల మొదలుపెట్టకు. పాత రాతలు దిద్దుకో, ఉత్తరాలు రాయి. తాగాలన్న కోరిక ఎంత బలంగా వచ్చినా సాధారణంగా కొన్ని నిమిషాలలో దానంతట అదే దిగిపోతుంది, ఆ నిమిషాలు లేచి నడువు. పట్టుదల ఒక్కటే సరిపోవాలన్న పంతం వద్దు. నికోటిన్ పట్టీలు, నమిలే గమ్ మానగలిగే అవకాశాన్ని సుమారు సగం మేర పెంచుతాయి. వాటికన్నా బలమైన మందులు కావాలా అన్నది డాక్టరును అడుగు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పొగలోని పదార్థాల వల్ల కాలేయం కెఫీన్‌ను వేగంగా విరిచేస్తుంది. మానగానే ఆ వేగం తగ్గి, అదే కాఫీ ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. నీ గుండెదడకూ నిద్ర పట్టకపోవడానికీ అదీ కారణం కావచ్చు. కాఫీ తగ్గించి చూడు.

మధ్యలో ఒకరోజు తాగితే, తాగానని నాకు రాయి. ఎప్పుడు, ఏం జరిగాక, పక్కన ఎవరున్నారు అన్నది రాయి. నిన్ను నువ్వు తిట్టుకునే వాక్యాలు అందులో ఉంటే కొట్టేసి పంపు. కథలో ఆ మూడు పేజీలకూ ఇదే చికిత్స చెయ్యి. రెండో సిగరెట్ వెలిగించే ముందు అతను ఎవరికైనా ఫోను చేస్తాడేమో, అవతలివాళ్లు ఎత్తుతారో లేదో నువ్వే కనిపెట్టు.

వ్యాసాన్ని పక్కన పెట్టు. దగ్గరలోని ఏ కోర్టులోనైనా శిక్ష ఖరారు చేసే రోజున వెనక బల్ల మీద కూర్చో. పెద్ద కేసు అక్కరలేదు, చిన్న దొంగతనం చాలు. ఎవరు మాట్లాడారు, ఎవరిని మాట్లాడనివ్వలేదు, మొత్తం ఎంతసేపు పట్టింది, శిక్ష ఎంతో వినగానే ముద్దాయి ఎటు చూశాడు, నష్టపోయినవారు వచ్చారా లేదా, అవన్నీ రాసుకో. నీ అభిప్రాయం ఆ రోజు రాయకు. కథ ముందు పంపు, వ్యాసానికి తొందర లేదు.

ఆశీస్సులతో,
నీ అన్న