పాపను నేరుగా తీసుకోవచ్చా?

ప్రశ్న: అమెరికాలోని మా చెల్లి, మరిది పదేళ్లు ప్రార్థన చేసి, చివరికి దత్తతకు సిద్ధపడ్డారు. మా సంఘంలో ఒక పేద తల్లి పసిపాపను ఇస్తానంటోంది. నోటరీ చేయిస్తే చాలా? క్రైస్తవులకు దత్తత హక్కే లేదంటున్నారు. – ఒక సోదరి, పర్లాకిమిడి

జవాబు: హక్కు ఉందమ్మా. 1956 నాటి హిందూ దత్తత చట్టం మనకు వర్తించదు, నిజమే. 1890 నాటి సంరక్షకుల చట్టం కింద సంరక్షకత్వమే దక్కేది. 2015 బాలల న్యాయ చట్టంలో మతం అడ్డు లేదు, పూర్తి దత్తతే.

నోటరీ మాట మాత్రం వదిలేయండి. పాపను నేరుగా చేతుల్లో పెడితే 3 ఏళ్ల జైలు, లక్ష జరిమానా దాకా పోతుంది. బంధువుల బిడ్డ కాదు కనుక, ఆ తల్లి పాపను శిశు సంక్షేమ సమితి ఎదుటే అప్పగించాలి. మనసు మార్చుకోవడానికి ఆమెకు 2 నెలల గడువుంటుంది. ఆ తర్వాత పాప ఎవరింటికి వెళ్లాలో దత్తత కోరేవారి వరుస జాబితా తేలుస్తుంది. పాస్టరుగారి సిఫారసు అక్కడ పనిచేయదు.

మీ చెల్లి అక్కడే, 'కారా' (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) గుర్తించిన ఏజెన్సీలో నమోదు కావాలి. ముందు ఇంటి పరిశీలన నివేదిక. బిడ్డ కుదిరాక కారా నిరభ్యంతర పత్రం, ఆపై ఇక్కడి కలెక్టరు ఉత్తర్వు, పాస్‌పోర్టు. బిడ్డ చేరాక రెండేళ్లలో ఆమె బాగోగులపై 6 నివేదికలు వెళ్లాలి.

మనవాళ్ల కాగితాలు ఆగేది పేర్ల దగ్గరే. చర్చి పెళ్లి పత్రంలో బాప్తిస్మపు పేరు, పాస్‌పోర్టులో ఇంటిపేరుతో ఇంకోటి ఉంటాయి. ముందే సరిచేయించండి. ఒడియా పత్రాలకు ఇంగ్లీషు అనువాదం కూడా జతచేయండి.