ఫొటో సందేహాలు: తువ్వాలు నీడ తీస్తే నాన్న ముఖమే మారిపోయింది

ప్రశ్న: మా నాన్నగారు పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి పటం కట్టించాలి. ఆయనకు ఫొటోలు దిగడమంటే ఇష్టం ఉండేది కాదు. రథసప్తమికి అరసవల్లి వెళ్లినప్పుడు గుడి బయట మా తమ్ముడు ఫోన్‌లో తీసినదొక్కటే ఆయన నవ్వుతూ ఉన్న ఫొటో. మిట్టమధ్యాహ్నం ఎండ. తలకు చుట్టుకున్న తువ్వాలు నీడ నుదుటి మీద, కళ్ల మీద పడింది. ఎడమ బుగ్గ మీద పక్కనున్న వాళ్లెవరిదో చెయ్యి నీడ. ఒక స్టూడియోలో ఇస్తే నీడలు తీసేశారు గానీ ముఖం పిండి పూసినట్టు తెల్లగా వచ్చింది. అమ్మ చూసి "ఈయన మీ నాన్న కాదు" అంది. నాకు ఫొటోషాప్ కొంచెం వచ్చు. నేనే చేసుకోవచ్చా?
(ఒక పాఠకురాలు, నరసన్నపేట)

జవాబు: చేసుకోవచ్చమ్మా. అసలు మీరే చేయాలి. ఆ ముఖం స్టూడియోవాళ్లకు తెలియదు, మీకు తెలుసు.

ముందు అక్కడ ఏం జరిగి ఉంటుందో చెబుతాను. 'షాడోస్' అని ఒక స్లైడర్ ఉంటుంది. దాన్ని కుడివైపు లాగితే ఫొటోలో ఎక్కడెక్కడ చీకటి ఉందో అక్కడల్లా వెలుగొచ్చేస్తుంది. ఇది తువ్వాలు నీడ, ఇది మీసం, ఇది కనుపాప, ఇది మనిషి చామనఛాయ అని దానికి తేడా తెలియదు. అన్నీ ఒక్కసారే తేలిపోతాయి. దాని మీద చర్మం నున్నగా చేసే ఫిల్టర్ కూడా వేస్తే ఇక మనిషి మిగలడు. మీ అమ్మగారు అన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం.

ముఖం మీద రెండు రకాల నీడలుంటాయి. ఒకటి బయటి నుంచి వచ్చి పడింది: తువ్వాలుది, ఎవరి చేతిదో. రెండోది ముఖానిదే: ముక్కు పక్కన, కింది పెదవి కింద, గడ్డం కింద, నవ్వితే బుగ్గ మీద పడే గీతలో ఉండేది. మొదటిది తీయాలి. రెండోది ముట్టుకోకూడదు. ముక్కు ఎంత ఎత్తో, బుగ్గ ఎంత లోతో మన కంటికి చెప్పేది ఆ నీడే.

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మా నాన్నగారికి స్టూడియో ఉండేది. నెగటివ్‌ను వెలుతురు వచ్చే అద్దం బల్ల మీద పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో రీటచింగ్ చేస్తుంటే పక్కన స్టూలు మీద కూర్చుని చూసేదాన్ని. నెగటివ్‌లో అంతా తిరగబడి ఉంటుంది కదా, నీడ ఉన్నచోట ఫిల్మ్ పలచగా ఉంటుంది. అక్కడ పెన్సిల్ గీతలు పడితే వెలుగు ఆగి, ప్రింట్‌లో ఆ చోటు తెల్లబడుతుంది. ఆయన ఎప్పుడూ నీడ మధ్యలో మొదలుపెట్టేవారు కాదు. అంచు దగ్గర మొదలుపెట్టేవారు. నీడలో కష్టమంతా అంచుదేనమ్మా, ఫొటోషాప్‌లోనైనా అంతే.

ఇక పనిలోకి వద్దాం. మీ తమ్ముడి ఫోన్‌లో ఉన్న అసలు ఫైలు తెప్పించుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది ఫొటోను కుదించేస్తుంది. నీడను వెలిగించగానే అందులో గళ్లు గళ్లుగా బయటపడతాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫొటోషాప్‌లో తెరవగానే లేయర్‌కు నకలు తీసుకోండి, అసలు లేయర్ జోలికి పోవద్దు.

లాసో టూల్‌తో నుదుటి మీది తువ్వాలు నీడ చుట్టూ గీసుకుని, వెలుగునీడలు సర్దే 'కర్వ్స్' అడ్జస్ట్‌మెంట్ లేయర్ పెట్టండి. మీరు గీసినదే దానికి మాస్క్ అయిపోతుంది, అంటే మార్పు ఆ గీత లోపలే పడుతుంది. కర్వ్ మధ్యలో పట్టుకుని మెల్లగా పైకి లాగండి. పక్కన ఎండ పడిన చర్మంతో ఇంచుమించు సమానం అయ్యేదాకా లాగి, అక్కణ్నుంచి కొంచెం వెనక్కి రండి. బుగ్గ మీది చెయ్యి నీడకు వేరే కర్వ్స్ లేయర్ పెట్టండి. రెండూ ఒకదాంట్లో కలిపేయకండి. ఎందుకంటే ఆ రెండు అంచులూ ఒకలా ఉండవు. సూర్యబింబం ఆకాశంలో సుమారు అర డిగ్రీ వెడల్పు ఉంటుంది. అందువల్ల నీడ వేసే వస్తువు ముఖానికి దగ్గరగా ఉంటే అంచు తెగినట్టు పడుతుంది, దూరంగా ఉంటే చెదిరిపోతుంది. తువ్వాలు నుదుటికి ఆనుకునే ఉంది కాబట్టి అక్కడ చిన్న బ్రష్‌తో మాస్క్‌ను అంచుకు దగ్గరగా దిద్దాలి. చెయ్యి దూరంగా ఉంది కాబట్టి బుగ్గ మీద మాస్క్‌కు ఫెదర్, అంటే అంచు మెత్తదనం, బాగా పెంచాలి.

ఇంతవరకు చాలామంది చేస్తారు. ఆ తర్వాతే చిక్కు. వెలుగొచ్చిన చోట చర్మం బూడిద రంగుగా కనిపిస్తుంది. నీడలో ఎండ ఉండదు, పైనున్న నీలాకాశం వెలుతురే ఉంటుంది. అందుకని ఆరుబయట నీడ ఎప్పుడూ కొంచెం నీలంగానే ఉంటుంది. అదే కర్వ్స్‌లో బ్లూ ఛానెల్‌కు వెళ్లి కొద్దిగా కిందికి, రెడ్ ఛానెల్‌లో చిటికెడు పైకి లాగండి. చర్మం వెచ్చబడుతుంది. ఇక్కడ మాత్రం తొందర వద్దు. నాన్నగారు చామనఛాయ అయితే చామనఛాయగానే ఉండాలి. వీలైతే ఆయనదే ఇంకో ఫొటో, మసకదైనా సరే, పక్కన తెరిచి పెట్టుకుని రంగు పోల్చుకోండి.

అంచు దగ్గర ఇంకా సన్నటి నల్లగీత మిగులుతుంది. కొత్త ఖాళీ లేయర్ వేసి, ఒకచోటి చర్మాన్ని నకలు తీసి ఇంకోచోట వేసే క్లోన్ స్టాంప్‌ను 'లైటెన్' మోడ్‌లో 20 శాతం ఒపాసిటీతో, శాంపిల్ 'కరెంట్ అండ్ బిలో' పెట్టి ఆ గీత వెంబడే నడపండి. శాంపిల్ పక్కనే ఉన్న చర్మం నుంచి తీసుకోండి. నుదుటి చర్మం తెచ్చి బుగ్గ మీద వేస్తే రంధ్రాల తీరు మారి అతుకు తెలిసిపోతుంది.

తువ్వాలు కింద నీడ మొత్తం తీసేయవద్దు. నుదుటి మీద సన్నగా ఒక గీతంత ఉంచండి. అది కూడా పోతే తువ్వాలు తలకు చుట్టుకున్నట్టుండదు, కత్తిరించి అతికించినట్టుంటుంది. కళ్ల దగ్గర తెల్లగుడ్డును కొద్దిగా వెలిగిస్తే చాలు. వయసు మళ్లిన వాళ్ల కళ్లు పాలరాతిలా ఉండవు, ఆ ఎరుపుజీర ఉండనివ్వండి.

ఫొటోషాప్ చేతిలో లేకపోతే జింప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో లేయర్ నకలుకు కర్వ్స్ వేసి, నల్ల మాస్క్ పెట్టి, నీడ ఉన్నచోట తెల్ల బ్రష్‌తో రాసుకుంటే ఇదే ఫలితం వస్తుంది. ఫోన్‌లోనైతే స్నాప్‌సీడ్ యాప్‌లో వేలితో రాసిన చోట వెలుగు పెంచే, తగ్గించే 'డాడ్జ్ అండ్ బర్న్' ఉంది, చిన్న నీడలకు పనికొస్తుంది. కృత్రిమ మేధతో ఒక్క నొక్కుతో నీడ తీసే టూల్స్ ఇప్పుడు చాలా వచ్చాయి. గోడ మీది నీడకు వాడుకోండి. పోయినవాళ్ల ముఖానికి మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. కళ్లు నీడలో ఉంటే అది కొత్త కళ్లు కల్పించి పెట్టగలదు. అవి నాన్నగారివి కావు.

పటం కట్టించే ముందు అదే పేపరు మీద పోస్ట్‌కార్డు సైజు ప్రింట్ ఒకటి తీయించండి. స్క్రీన్ మీద కనిపించినదానికన్నా కాగితం మీద సాధారణంగా నల్లగా వస్తుంది. ముఖం వరకే కత్తిరించాక వెడల్పు 1500 పిక్సెళ్లే మిగిలితే పన్నెండు బై పదిహేనుకు పోవద్దు, ఎనిమిది బై పదితో ఆపండి. ఆ పోస్ట్‌కార్డు ముందు అమ్మగారికి చూపించండి. ఆవిడ సరే అంటేనే పెద్దది చేయించండి.

ప్రశ్న: పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తుంటాను. కొబ్బరాకుల పందిరి కింద పెళ్లికూతురి ముఖం నిండా గుండ్రటి వెలుగు మచ్చలు పడ్డాయి. బాసికం నీడ కూడా నుదుటి మీద ఉంది. ఎలా తీయాలి?
(ఒక యువ ఫొటోగ్రాఫర్, బొబ్బిలి)

జవాబు: ఆకుల మధ్య ఉన్న సందులు ఏ ఆకారంలో ఉన్నా మచ్చలు గుండ్రంగా ఎందుకు పడతాయంటే, అవి సూర్యుడి బింబాలే బాబూ. ఇక్కడ పని తలకిందులు. ముఖంలో ఎక్కువ భాగం నీడలోనే ఉంది కాబట్టి నీడను వెలిగించకండి, మచ్చలను తగ్గించండి. కర్వ్స్ కిందికి లాగి, ఒక్కో మచ్చకు మాస్క్ రాసుకోవాలి. అయితే వెలుగు పై హద్దయిన 255కు చేరి తెల్లగా కాలిపోయిన మచ్చలో తగ్గించడానికి లోపల ఏమీ ఉండదు. అక్కడ క్లోన్ స్టాంప్ 'డార్కెన్' మోడ్‌లో పక్క చర్మాన్ని తెచ్చుకోవడమే దారి. మీరు జేపెగ్‌లో తీసి ఉంటే రంగుకు 256 మెట్లే. చాలా కెమెరాల్లో 14 బిట్ రా ఫైలు (కెమెరా పట్టిన వెలుగును జేపెగ్‌గా మార్చకుండా దాచేది) ఉంటుంది, దానికి 16,384 మెట్లు. పెళ్లిళ్లకు రా తప్పనిసరిగా పెట్టుకోండి. ఈసారి పందిరి చూడగానే, పీటల పైన ఒక తెల్లపంచె అడ్డంగా కట్టించమని పెద్దవాళ్లను అడగండి. మచ్చలు కలిసిపోయి మెత్తటి వెలుతురు వస్తుంది.

బాసికం నీడ తీయవద్దు. బాసికం కట్టిన నుదుటి మీద ఆ నీడ ఉండాల్సిందే. మరీ నల్లగా ఉంటే సగానికి తగ్గించండి.

ప్రశ్న: మా పాపకు రెండేళ్లు. పాస్‌పోర్ట్‌కు ఇంట్లో ఫొటో తీశాం. వెనక గోడ మీద నీడ పడింది. ఎడిట్ చేసి ఇవ్వచ్చా?
(ఒక తల్లి, విజయనగరం)

జవాబు: వద్దమ్మా. ముఖం మీద గానీ వెనక గానీ నీడ ఉండకూడదు, సాఫ్ట్‌వేర్‌తో మార్చిన ఫొటో కూడా ఇవ్వకూడదు. మళ్లీ తీయడమే తేలిక. ఫ్లాష్ ఆపేయండి. పగటిపూట ఎండ నేరుగా పడని వరండాలో తెల్ల దుప్పటి పరిచి పాపను పడుకోబెట్టి పైనుంచి తీయండి. వెలుతురు వచ్చే వైపుకు ఎదురుగా, పాపకు అవతలి పక్కన, ఒక తెల్ల థర్మోకోల్ షీటు నిలబెడితే ఆ వైపు నీడ కూడా తేలిపోతుంది. మీ నీడ దుప్పటి మీద పడకుండా చూసుకోండి. కళ్లు తెరిచి ఉండాలి కాబట్టి నిద్ర లేచి పాలు తాగిన వెంటనే తీయండి.