టెక్ సందేహాలు: ఏసీ వేయగానే ముక్కిన వాసన

మిర్యాలగూడ నుంచి ఒక పాఠకుడు అడిగారు: సార్, మా కారు కొని ఆరేళ్లయింది. ఎండాకాలమంతా బాగానే ఉంది. వానలు మొదలైనప్పటి నుంచి ఏసీ వేయగానే ముక్కిన బియ్యం వాసన వస్తోంది, రెండు నిమిషాలకు తగ్గుతుంది. ఇప్పటికి మూడు సెంటు సీసాలు మార్చాను. అమ్మకు దమ్ము (ఆస్తమా) ఉంది, కారెక్కితే దగ్గు ఆగట్లేదు. ఏం చేయాలి?

ముందు ఆ సెంటు సీసా తీసేయండి. అది వాసనను పోగొట్టదు, దాని మీద ఇంకో వాసన కప్పుతుందంతే. దమ్ము ఉన్నవాళ్లకు ఆ ఘాటుకే దగ్గు రావచ్చు.

రెండు నిమిషాలకు తగ్గుతుందన్నారు చూడండి, అసలు సంగతి అక్కడే తెలిసిపోతోంది. డ్యాష్‌బోర్డు లోపల ఎవాపరేటర్ అనే అల్యూమినియం జాలీ ఉంటుంది. చల్లటి నీళ్ల చెంబుకు బయట చెమ్మ పట్టినట్టే, ఏసీ నడుస్తున్నంతసేపూ ఆ జాలీకి నీళ్లు పడతాయి. మీరు ఇంజిన్ ఆపి ఇంట్లోకి వెళ్లిపోతారు, తడి మాత్రం లోపలే ఉండిపోతుంది. దుమ్ము తోడైతే అక్కడ బూజు, బ్యాక్టీరియా పెరుగుతాయి. మర్నాడు గాలి ఊదే ఫ్యాన్, అంటే బ్లోయర్ తిరగగానే ఆ వాసన మొదట మీ మొహానికే కొడుతుంది. మే నెలలో మన నల్లగొండ గాలిలో తేమ తక్కువ కాబట్టి వాసన తెలియలేదు. కానీ మీ ఊరి రైస్ మిల్లుల ఊక దుమ్ము, రోడ్డు దుమ్ము అప్పుడే చేరి కూర్చున్నాయి. వానలు పడగానే తడి కూడా వచ్చింది.

కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్‌ను ఈరోజే తీసి చూడండి. చాలా కార్లలో గ్లవ్‌బాక్సును రెండు పక్కలా నొక్కి కిందికి దించితే దాని వెనకే సన్నటి మూత కనిపిస్తుంది. పోయినేడు నా కారుది ఇలాగే లాగి చూస్తే మడతల నిండా వేపాకుల పొడి, పత్తి పీచు, ఒక మూల ఎలుక కొరికిన బొక్క. అంతకు రెండు నెలల ముందే సర్వీసింగ్ బిల్లులో ఏసీ క్లీనింగ్ అని రాసి డబ్బులు తీసుకున్నారు. అప్పుడు నిజంగా బాధేసింది. అందుకే చెబుతున్నా, సర్వీసింగుకు ఇస్తే పాత ఫిల్టర్ చూపించమని అడిగి తీసుకోండి. కాగితం ఫిల్టరును కడగొద్దు, కొత్తది వేయండి. పక్కన ఉండే బాణం గుర్తు గాలి వెళ్లే దిక్కుకు ఉండాలి. ఏడాదికోసారి మార్చమని అంటారు కానీ, మీలా మిల్లుల పక్కన తిరిగేవాళ్లు ఆరు నెలలకే ఒకసారి చూసుకోవాలి. కొన్ని తక్కువ ధర మోడళ్లలో ఫిల్టరే ఉండదు, ఆ చోటు ఖాళీగా కనిపిస్తుంది.

తర్వాత ఏసీ వేసి కారును పది నిమిషాలు నిలబెట్టి కిందికి వంగి చూడండి. వానాకాలంలో ముందు భాగం కింద టపటపా నీళ్లు కారాలి. కారలేదంటే జాలీకి పట్టిన నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ పైపు మట్టితో మూసుకుపోయి, అవి లోపల కార్పెట్లోకి దిగుతున్నాయేమో అనుమానించాలి. మ్యాట్ ఎత్తి కార్పెట్ మీద టిష్యూ పేపర్ పెట్టి అరచేత్తో గట్టిగా అదమండి. పైకి పొడిగా కనిపించినా కింద స్పాంజిలో నీళ్లుంటాయి. తడి తగిలితే పైపు శుభ్రం చేయించి, కార్పెట్ విప్పదీసి ఎండబెట్టాల్సిందే. వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి వాక్యూమ్ చేయడం మంచిదే, కానీ ఎండిన తర్వాత. తడి మీద చల్లితే ముద్దగా అతుక్కుంటుంది. వైపర్ల కింద జాలీలో ఇరుక్కున్న ఆకులు తీయండి, డిక్కీలో స్టెప్నీ కింద కూడా చూడండి.

ఫిల్టర్ మార్చినా వాసన వస్తుంటే ఎవాపరేటర్ జాలీని ఫోమ్ క్లీనరుతో మెకానిక్ దగ్గర కడిగించండి. మీరే కొట్టబోతే బ్లోయర్ మోటారు, వైరింగు తడిసే ప్రమాదం ఉంది.

ఇక రోజూ అలవాటు చేసుకోవాల్సింది ఒకటుంది. ఇల్లు ఇంకో ఐదు నిమిషాలు ఉందనగా ఏసీ బటన్ ఆపి, బ్లోయరును మాత్రం గట్టిగా నడపండి. బాణం గుండ్రంగా తిరిగిన బొమ్మ ఉన్న బటన్ కూడా ఆపేసి బయటి గాలి రానివ్వండి. జాలీ చాలావరకు ఆరిపోతుంది.

జడ్చర్ల నుంచి: ఆన్‌లైన్లో వాసన పోగొట్టే ఓజోన్ మిషన్ చూశాను, కొననా?

వద్దు. ఓజోన్ ఊపిరితిత్తులను బాధిస్తుంది. వాసన కొంత తగ్గినా తడి తగ్గదు, కొన్నాళ్లకు మళ్లీ మొదటికే వస్తుంది. తేమ శాతం చూపించే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ కొనుక్కోండి. అద్దాలు మూసి, రాత్రంతా కారులో ఉంచండి. పొద్దున లోపలి అంకె బయటికన్నా బాగా ఎక్కువ చూపిస్తే ఎక్కడో నీళ్లు దాక్కున్నాయని అర్థం. అప్పుడు వెతకడం మొదలుపెట్టండి.

దేవరకొండ నుంచి: మా కారులో ముక్కిన వాసన కాదు, తియ్యటి వాసన. ముందు అద్దానికి లోపల జిడ్డుగా మంచు పడుతోంది.

ఇది బూజు కాదు. డ్యాష్‌బోర్డు లోపలి హీటర్ భాగం నుంచి కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం కారుతున్నట్టుంది. అందులో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. ఇంజిన్ చల్లారాక కూలెంట్ డబ్బాలో మట్టం చూడండి. తగ్గి ఉంటే ఏదైనా ప్రయాణం ఉన్నా వాయిదా వేసుకుని ముందు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. అప్పటిదాకా ఆ కారులో పిల్లల్ని ఎక్కించుకోవద్దు.