టెక్ సందేహాలు: చేతిలో పట్టే గేమింగ్ పీసీకి కొత్త స్లాట్లు పెట్టొచ్చా?

ప్రశ్న: డాలస్‌లో ఎం.ఎస్. చేస్తున్నాను. నా దగ్గర స్టీమ్ డెక్ ఎల్‌సీడీ మోడల్ ఉంది. వెనక మూత 3డీ ప్రింట్ చేయించి, అందులో రెండు మూడు స్లాట్లు పెట్టాలని ఉంది. ఒకసారి ఇంకో ఎస్ఎస్‌డీ, ఒకసారి 4జీ మోడెమ్, ఇంట్లో ఉన్నప్పుడు గ్రాఫిక్స్ కార్డు... ఏది కావాలంటే అది తగిలించుకునేలా. కుదురుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీ ఆలోచన చాలా బాగుంది. కొన్న వస్తువును మన అవసరానికి తగ్గట్టు మార్చుకునే వీలు మనకు ఉండాలని నేనూ గట్టిగా నమ్ముతాను. కాకపోతే మూత ప్రింట్ చేయడం ఇందులో అన్నిటికన్నా తేలికైన పని. స్లాట్ పెట్టాలంటే ప్లాస్టిక్‌కు కంత కోస్తే సరిపోదు. దాని వెనక డేటా నడిచే దారి ఉండాలి, కరెంటు అందాలి, పుట్టిన వేడి బయటికి పోవాలి. డెక్‌లో ఈ మూడూ ఎంత మిగిలి ఉన్నాయో ముందు లెక్క చూసుకుందాం.

మొదట దారి. ఎస్ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు లాంటివి ప్రాసెసర్‌తో మాట్లాడేది పీసీఐఈ లేన్లు అనే వేగమైన డేటా దారుల మీద. డెక్‌లో మనం వాడుకోగలిగినవి ఎం.2 స్లాట్‌కు (లోపల ఎస్ఎస్‌డీ కూర్చునే చోటు) వచ్చే 4 లేన్లే. అవి మూడో తరానివి, నాలుగూ కలిపి సెకనుకు దాదాపు 4 గిగాబైట్లు మోస్తాయి. ఆ స్లాట్‌లో ఇప్పటికే మీ ఎస్ఎస్‌డీ కూర్చుని ఉంది. ఇక బయటికి ఉన్నది పైఅంచున ఒకే ఒక్క యూఎస్‌బీ-సీ పోర్టు. దాని వేగం సెకనుకు 10 గిగాబిట్లు. అది పీసీఐఈని కేబుల్ మీద మోయగల యూఎస్‌బీ4 కాదు, థండర్‌బోల్ట్ కాదు. అందువల్ల ఆ పోర్టుకు గ్రాఫిక్స్ డాక్ (గ్రాఫిక్స్ కార్డును బయట పెట్టుకునే పెట్టె) తగిలించినా పనిచేయదు.

తర్వాత కరెంటు. మీ మోడల్‌లో బ్యాటరీ 40 వాట్-అవర్లు. బరువైన గేమ్ ఆడుతూ మొత్తం మెషిన్ 20 వాట్లు తాగుతోందనుకుంటే 2 గంటలు వస్తుంది. మీ స్లాట్లలోని వస్తువులు ఇంకో 3 వాట్లు తీసుకుంటే అది గంటా 44 నిమిషాలకు పడిపోతుంది. రైల్లోనో విమానంలోనో ఆడేవాళ్లకు ఆ పావుగంట చిన్న విషయమేమీ కాదు.

అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది వేడి. 2022లో కొందరు డెక్‌లో 30 మిల్లీమీటర్ల పొడవుండే 2230 ఎస్ఎస్‌డీ బదులు, 42 మిల్లీమీటర్ల 2242 పెట్టడం మొదలుపెట్టారు. దయచేసి అలా చేయొద్దని, డెక్ తయారుచేసే వాల్వ్ కంపెనీ డిజైనర్ లారెన్స్ యాంగ్ అప్పుడే బహిరంగంగా చెప్పారు. ఛార్జింగ్ చిప్ బాగా వేడెక్కుతుందనీ, దాని పక్కనున్న థర్మల్ ప్యాడ్లను (వేడిని లాగే మెత్తలు) కదపకూడదనీ, పెద్ద డ్రైవ్‌లు చాలావరకు డెక్ తట్టుకునేదానికన్నా ఎక్కువ కరెంటు తీసుకుని ఎక్కువ వేడెక్కుతాయనీ ఆయన వివరణ. 12 మిల్లీమీటర్ల తేడాకే ఇంత ఆలోచించాల్సి వస్తే, లోపల కొత్త బోర్డు ఇరికించడం ఎంత ప్రమాదమో మీరే ఊహించండి.

మరి చేయగలిగింది లేదా? ఉంది. మీరు అడిగిన మూడింటిలో 4జీ మోడెమ్‌కు, అదనపు డ్రైవ్‌కు యూఎస్‌బీ చాలు. 2021లో వచ్చిన ఫ్రేమ్‌వర్క్ లాప్‌టాప్‌లో మార్చుకునే కార్డులను చూసే ఉంటారు. అవి నిజానికి చిన్న పెట్టెలో పెట్టిన యూఎస్‌బీ-సీ అడాప్టర్లే. అదే పద్ధతి మీరూ వాడండి. లోపల ఏమీ కదపకుండా, డెక్ వెనక బిగించే తొడుగు ఒకటి ప్రింట్ చేయండి. అందులో చిన్న యూఎస్‌బీ హబ్ పెట్టి, పొట్టి కేబుల్‌తో పైపోర్టుకు కలపండి. మోడెమ్‌కు, డ్రైవ్‌కు ఒకే కొలతలో పెట్టెలు చేస్తే అవే మీ మాడ్యూళ్లు. ఫ్యాన్‌కు గాలి వచ్చే, పోయే దారులు మాత్రం మూసుకుపోకూడదు. హబ్ కొనేటప్పుడు ఛార్జింగ్‌ను కూడా లోపలికి పంపేదే తీసుకోండి, ఎందుకంటే డెక్ ఛార్జ్ అయ్యేది కూడా ఆ ఒక్క పోర్టు నుంచే.

గ్రాఫిక్స్ కార్డు సంగతి వేరు. దానికి ఒకటే మార్గం: ఎస్ఎస్‌డీ తీసేసి, ఆ స్లాట్‌లో ఎం.2 నుంచి ఆక్యులింక్‌కు (పీసీఐఈని కేబుల్ మీద బయటికి తెచ్చే కనెక్టర్) మార్చే చిన్న అడాప్టర్ పెట్టడం. కేబుల్ బయటికి తెచ్చి డాక్‌కు, డాక్‌కు విడిగా పవర్ సప్లై. అప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌ను మైక్రోఎస్‌డీ కార్డు నుంచో యూఎస్‌బీ డ్రైవ్ నుంచో నడపాలి. కార్డు స్లాట్ వేగం సెకనుకు 100 మెగాబైట్ల దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి యూఎస్‌బీ ఎస్ఎస్‌డీయే మేలు. ముందు డాక్ ఆన్ చేసి ఆ తర్వాత డెక్ ఆన్ చేయాలి. నడుస్తుండగా కేబుల్ పీకకూడదు. డెక్‌తో వచ్చే లినక్స్ ఆధారిత స్టీమ్ఓఎస్‌లోనే ఉండాలనుకుంటే ఏఎమ్‌డీ కార్డు ఎంచుకోండి, దాని డ్రైవర్లు లినక్స్‌లో ముందే ఉంటాయి.

ఇది పనిచేస్తుంది, కానీ మీకున్నది ఆ ఒక్క మెషినే అయితే నేను చేయమనను. గ్రాఫిక్స్ కార్డు కోరిక బలంగా ఉంటే డెక్ అమ్మేసి, తయారీలోనే ఆ దారి ఉన్నదాన్ని కొనండి. జీపీడీ విన్ 4 2023 మోడల్‌కు ఆక్యులింక్ పోర్టు బయటే ఉంది. లెనోవో లీజియన్ గోకు రెండు యూఎస్‌బీ4 పోర్టులున్నాయి.

ఒక జాగ్రత్త. ఎప్పుడు మూత విప్పినా ముందు మైక్రోఎస్‌డీ కార్డు బయటికి తీయండి. స్నేహితుడి డెక్ విప్పేటప్పుడు మేం మర్చిపోయాం, మూత ఎత్తగానే కార్డు రెండు ముక్కలైంది. అందులో అతను దాచుకున్న ఫొటోలన్నీ పోయాయి, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే. బయాస్‌లో (మెషిన్ ఆన్ కాగానే తెరవగలిగే సెట్టింగుల తెర) బ్యాటరీని స్టోరేజ్ మోడ్‌లో పెట్టాకే 8 స్క్రూల జోలికి వెళ్లండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఏసుస్ వాళ్ల చేతి గేమింగ్ పీసీ ఆర్ఓజీ ఆలై (2023) కొన్నాను. పైన ఎక్స్‌జీ మొబైల్ అనే పొడుగాటి కనెక్టర్ ఉంది. అందులో వేరే కంపెనీ గ్రాఫిక్స్ డాక్ పెట్టొచ్చా?

జవాబు: అది ఏసుస్ సొంత కనెక్టర్. వాళ్ల ఎక్స్‌జీ మొబైల్ డాక్ కోసమే చేసింది. లేన్లు 8 ఉన్నా, వాటిని అధికారికంగా వాడుకోవాలంటే వాళ్ల పెట్టే కొనాలి, దాని ధర మామూలు గ్రాఫిక్స్ కార్డు కన్నా చాలా ఎక్కువ. ఒకే కంపెనీకి తాళం వేసి ఉంచిన స్లాట్‌ను నేను విస్తరణ అనుకోను. 2024లో వచ్చిన ఆలై ఎక్స్‌లో ఏసుస్ ఆ కనెక్టర్ తీసేసి యూఎస్‌బీ4 పెట్టింది. ఆలై ఎక్స్‌కు ఏ కంపెనీ యూఎస్‌బీ4 డాక్ అయినా తగిలించుకోవచ్చు. మీ మోడల్‌కు మాత్రం పైన చెప్పిన ఎం.2 మార్గమే మిగిలింది.

ప్రశ్న: డెక్‌లో ర్యామ్ 16 నుంచి 32 జీబీకి పెంచుకోవచ్చా?

జవాబు: ర్యామ్ చిప్‌లు బోర్డుకు సోల్డర్ చేసి ఉంటాయి, స్లాట్ లేదు. కాకపోతే బయాస్‌లో యూఎంఏ బఫర్‌ను (ఉన్న ర్యామ్‌లో గ్రాఫిక్స్ కోసం పక్కన పెట్టే భాగం) 1 జీబీ నుంచి 4 జీబీకి మార్చి చూడండి. కొన్ని గేమ్‌లకు అది ఉపయోగపడుతుంది, తేడా కనిపించకపోతే మళ్లీ 1కే పెట్టేయండి.