ఐదు పనుల చిట్టాకి పెద్దమ్మ జవాబు

నాన్నా,

నీ ఉత్తరం అందింది. శరత్తులో చేయబోయే పనుల చిట్టా కూడా చదివాను. నువ్వు సొంతంగా అచ్చేసుకుంటున్న ఫాంటసీ నవల మూడో భాగం, అంటే ముగింపు, పూర్తి చేసి డిసెంబరు మొదటి వారంలో విడుదల. దానికి వెనకటి కథగా ఒక నవలిక. మూడు భాగాలూ కలిపి ఒక బైండు పుస్తకం, దానికి ఈ-బుక్ కూడా. ఆడియో. ఇవి చాలవన్నట్టు చందాదారులకి నెలకో కథ. చదువుతుంటే నవ్వొచ్చింది. నిన్ను చూసి కాదులే. అచ్చం ఇలాంటి చిట్టా నేనూ ఒకప్పుడు రాసి బల్ల ఎదురుగా గోడకి అంటించుకున్నాను. చలి ముదిరేసరికి అందులో ఒక్కటి అయింది, అదీ అరకొరగా.

సెప్టెంబరు వస్తే మన రాసేవాళ్ల జాతికి ఏదో అవుతుందిరా. ఎండ మెత్తబడుతుంది, పొద్దు తొందరగా గుంకుతుంది, దీపం పెట్టుకుని కూర్చోబుద్ధేస్తుంది. ఒక్క రాత్రిలో రెండు కొత్త రాజ్యాలు, ఒక శాపం, మూడు తరాల వంశవృక్షం పుట్టుకొస్తాయి. ఆ ఊపు మంచిదే, ఆర్పుకోమని నేను చెప్పను. ఆ ఊపులో వేసుకున్న లెక్కని మాత్రం మర్నాడు పొద్దున్నే ఇంకోసారి వేసుకో.

నువ్వు వెయ్యలేదు కనక నేనే వేశాను. మూడో భాగం 96 వేల మాటలు అవుతుందన్నావు, 62 వేలు అయ్యాయన్నావు. మిగిలింది 34 వేలు. ఉద్యోగం నుంచి వచ్చాక రోజుకి 600, వారానికి ఐదు రోజులు అన్నది నీ మాటే. అంటే వారానికి 3 వేలు, మొత్తం పదకొండు వారాల పైచిలుకు. సెప్టెంబరు మొదట్లో కూర్చుంటే నవంబరు ఆఖరికి డ్రాఫ్టు చేతికొస్తుంది, అదీ ఒక్క రోజు కూడా జ్వరం రాకపోతే. మరి డిసెంబరు మొదటి వారంలో విడుదలేమిటి? తిరగరాసేదెప్పుడు, నలుగురికీ ఇచ్చి చదివించేదెప్పుడు, ఎడిటర్ చూసేదెప్పుడు?

నవంబరులో 50 వేల మాటల పందెం పెట్టుకుని లాగించేస్తానని కూడా రాశావు. నవంబరు నెలలో నవల రాసే ఆ పందెం పేరు నానోరైమో, 1999లో ఇరవై ఒక్కమందితో మొదలై లక్షలమందికి పాకింది. ఆ సంస్థ తలుపులు మూసేస్తున్నట్టు 2025లో ప్రకటించింది గానీ, రోజుకి 1,667 మాటల ఆ లెక్క మాత్రం చాలామందికి నాలుక చివరే ఉంది. నేనూ రెండుసార్లు ఆడాను. మొదటి భాగానికి, ఏమీ తెలియని లోకంలోకి దూకడానికి అది పనికొస్తుంది. ముగింపు భాగానికి పనికిరాదు. రెండోసారి ఆడినప్పుడు మంత్రం వేసేవాడు దానికి వెలగా రక్తం చెల్లిస్తాడని మొదటి వారంలో రాశాను. మూడో వారానికి జ్ఞాపకాలు చెల్లిస్తున్నాడు. ఎప్పుడు మారిందో నాకే తెలియలేదు. ఆ తప్పు దిద్దడానికి, రాయడానికి పట్టిన దానికంటే రెట్టింపు కాలం పట్టింది. నీకు 600 వస్తాయి. 600 రాయి.

ఇప్పుడు ప్రీ-ఆర్డర్ సంగతి, అంటే పుస్తకం రాకముందే పాఠకులు కొనిపెట్టుకునే ఏర్పాటు. ఇది జాగ్రత్తగా చదువు. సొంతంగా పుస్తకాలు వేసుకునేవాళ్ల కోసం అమెజాన్ నడిపే కేడీపీలో ఈ-బుక్కుని ఏడాది ముందుగానే ప్రీ-ఆర్డర్‌కి పెట్టొచ్చు. తుది ఫైలు మాత్రం విడుదలకి 72 గంటల ముందే ఎక్కించాలి. మధ్యలో వల్ల కాక రద్దు చేస్తే ఏడాది పాటు మళ్లీ ప్రీ-ఆర్డర్ పెట్టనివ్వరు. నిబంధన చూస్తే చిన్నదే. అది మెడకి చుట్టుకున్నప్పుడు ఎలా ఉంటుందో చెప్తాను, విను.

నా రెండో పుస్తకానికి ఇలాగే శరత్తులో తేదీ ప్రకటించేశాను. గడువు రాత్రి, పదకొండున్నర దాటింది, కళ్లు మూతలు పడుతున్నాయి. కంప్యూటర్లో ఫైళ్లు 'ఫైనల్', 'ఫైనల్ 2', 'అసలు ఫైనల్', 'అసలు ఫైనల్ దిద్దినది' అని వరసగా ఉన్నాయి. ఒకటి ఎక్కించి పడుకున్నాను. విడుదలైన రోజు సాయంత్రం ఒకావిడ ఎంతో మర్యాదగా ఉత్తరం రాసింది: ముప్ఫై ఒకటో అధ్యాయంలో, సరిగ్గా రాణి చనిపోయే చోట, 'ఇక్కడ గుర్రం రంగు చూసుకోవాలి, ఏడుపు ఇంకొంచెం' అని ఉంది, అది జోస్యమా అని. జోస్యమేమీ కాదు, నాకు నేను రాసుకున్న గుర్తు. తప్పు నాది, నిద్రది కూడా కాదు. పుస్తకం పూర్తికాకుండా తేదీ చెప్పిన నోటిది. ఆ రోజు నుంచి ఫైలు పేరులో తేదీ తప్ప ఇంకో మాట పెట్టను, తుది డ్రాఫ్టు ఎడిటర్ దగ్గర నుంచి తిరిగొచ్చేదాకా విడుదల తేదీ ఎవరికీ చెప్పను.

2022 మార్చిలో ఫాంటసీ రచయిత బ్రాండన్ శాండర్సన్, జనం దగ్గర ముందుగా డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్‌లో నాలుగు నవలలు ప్రకటిస్తే 4 కోట్ల 17 లక్షల డాలర్లు వచ్చాయని అందరూ చెప్పుకున్నారు. డబ్బు సంగతి వదిలెయ్, అప్పటికే పేరున్న మనిషి, ఆయన పాఠకులు ఆయనకున్నారు. నాకు నచ్చింది వేరే. ప్రకటించేనాటికి ఆ నాలుగూ రాసేసి ఉన్నాయి. రెండేళ్లపాటు చడీచప్పుడు లేకుండా రాసుకుని, అప్పుడు నోరు విప్పాడు. నీ చిట్టాలో ఐదు పనులున్నాయి, ఐదూ ఊళ్లో చాటింపు వేశావు, ఒక్కటీ పూర్తికాలేదు.

మన భాషలో మొట్టమొదటి మహాకావ్యం కూడా శరత్తు దగ్గరే ఆగింది, గుర్తుందా? నన్నయ గారి భారతం అరణ్యపర్వంలో శరత్కాలపు రాత్రుల వర్ణనతో ఆగిపోయింది. ఆ పర్వంలో మిగిలిందంతా తర్వాతెప్పుడో ఎర్రన వచ్చి పూర్తి చేశాడు. ఆయన నన్నయ కనక ఆయనకి ఎర్రన దొరికాడు. సొంతంగా అచ్చేసుకునే మనకి ఎవరూ దొరకరు నాన్నా. మూడో భాగం నువ్వు రాయకపోతే మొదటి రెండూ కొన్నవాళ్లు ఆ కోట గుమ్మం ముందే నిలబడి ఉంటారు.

అందుకని ఈ శరత్తుకి మూడో భాగం ఒక్కటే పెట్టుకో. తక్కినవాటిని పారెయ్యమనను, కుదించుకో. నవలికనీ నెలనెలా కథనీ కలిపెయ్. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలకి ఇచ్చే హ్యూగో, నెబ్యులా అవార్డుల లెక్కల్లో 17,500 మాటలు దాటితేనే నవలిక. 7,500 లోపుది చిన్న కథ. నువ్వు ఒక్క చిన్న కథ రాయి, ఏడు వేల లోపు. ఆ వంతెన కాపలా ముసలావిడ యవ్వనం కథ ఉంది చూడు, అది. విడుదలకి ముందు నెలలో చందాదారులకి పంపు. నెలకొకటి అన్నావంటే రెండో నెలకే మూడో భాగంలోంచి దృశ్యాలు కోసి అక్కడ అతికిస్తావు, నేను చేశాను కనక తెలుసు.

ఆడియో వచ్చే ఏడాదికి. గంటకి సుమారు 9,300 మాటలు అనుకుంటే ఒక్క మూడో భాగమే పది గంటలు దాటుతుంది. రికార్డింగు తర్వాత దాన్నంతా నువ్వు కూర్చుని వినాలి కదా. ఇప్పుడు చెయ్యాల్సింది చిన్న పని: పేర్లన్నీ ఎలా పలకాలో నీ గొంతుతోనే ఫోన్లో రికార్డు చేసి పెట్టుకో. చదివేవాళ్లు నీ నది పేరుని నాలుగు రకాలుగా పలికాక ఏడ్చి లాభం లేదు.

బైండు పుస్తకం విషయంలో ఒక చిక్కుంది, నువ్వు గమనించినట్టు లేవు. మొదటి రెండు భాగాల ఈ-బుక్కుల్నీ అక్టోబరు 1న కేడీపీ సెలెక్ట్‌లో చేరుస్తానన్నావు. అది అమెజాన్‌తో 90 రోజుల ఒప్పందం. ఆ గడువులో ఆ డిజిటల్ పాఠం ఇంకెక్కడా అమ్మకూడదు. అంటే డిసెంబరు నెలాఖరు దాకా. డిసెంబరులోనే మూడూ కలిపిన ఈ-బుక్కుని వేరే దుకాణాల్లో పెడతానన్నావు, అందులో ఉండేది అదే పాఠం కదా? అచ్చు పుస్తకానికి ఈ అడ్డు లేదు. పైగా 90 రోజులయ్యాక ఆ ఒప్పందం దానంతటదే మళ్లీ మొదలవుతుంది, వద్దనుకుంటే దాని టిక్కు నువ్వే తీసెయ్యాలి.

అచ్చు గురించి ఇంకొక్క మాట. పేజీలు ఖాయం కాకుండా అట్ట చేయించకు. కేడీపీలో క్రీమ్ కాగితానికి పేజీకి 0.0025 అంగుళం చొప్పున వెన్ను మందం వస్తుంది, 300 పేజీలకి ముప్పావు అంగుళం. నేను 412 పేజీలనుకుని అట్ట వేయించాక మ్యాపు, పదకోశం, వంశవృక్షం చేర్చాను, 448 అయ్యాయి. తేడా రెండు మిల్లీమీటర్ల పైన, అంతే. ప్రూఫ్ కాపీ విప్పి చూస్తే వెన్ను మీద ఉండాల్సిన పేరు అంచు దాటి ముందు అట్ట మీదకి వంగి ఉంది, గోడ మీంచి తొంగిచూసే పిల్లాడిలా. ఆ కాపీ ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది, కాగితాలు ఎగరకుండా బరువు పెడుతున్నాను.

రోజూ రాయడం మొదలుపెట్టే ముందు పది నిమిషాలు లోకం నోట్‌బుక్కుకి ఇవ్వు. ఎవరి కళ్లు ఏ రంగు, ఏ ఊరికి ఎన్ని రోజుల ప్రయాణం, చంద్రుడు ఏ దశలో ఉన్నాడు. నా మొదటి పుస్తకంలో తొమ్మిది రోజుల తేడాలో రెండు పున్నములొచ్చాయి. నీ లోకానికి రెండు చందమామలుంటే సరే. మన చందమామలాంటిది ఒక్కటే ఉంటే, పున్నమికీ పున్నమికీ మధ్య ఇరవై తొమ్మిదిన్నర రోజులు గడవక తప్పదు. ఇలాంటివి దొరకబుచ్చుకునే పాఠకులు ఇద్దరుంటే వాళ్లని పోగొట్టుకోకు. మెచ్చుకునేవాళ్లు ఇరవైమంది ఎలాగూ దొరుకుతారు.

విడుదల ఫిబ్రవరికి జరుపు. డిసెంబరులో పండగ బహుమతులు కొనే కాలం పోతుందని బెంగపడతావు, తెలుసు. ఆ కాలంలో మొదటి భాగాన్ని అమ్ముకో, మూడోదాన్ని కాదు. కొత్త పాఠకుడు మొదలుపెట్టేది అక్కడే.

నువ్వు పంపిన ఇరవై రెండు అధ్యాయాలూ చదివేశాను. కోట ముట్టడి బావుంది, వంటశాల పిల్ల కళ్లతో చెప్పడం ఇంకా బావుంది. పడవవాడి పేరు మాత్రం నాలుగో అధ్యాయంలో ఒకటి, పంతొమ్మిదిలో ఇంకొకటి ఉంది. ఏది ఉంచుతావో చెప్పు, నా కాపీలో దిద్దుకుంటాను.

మీ పెద్దమ్మ