108లో పనిచేసే మా ఆయనకు ఏఐ భయం పట్టుకుంది

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె. మా ఆయన చాలా ఏళ్లుగా 108 అంబులెన్స్‌లో ఈఎంటీగా, అంటే రోగికి దారిలో ప్రథమ చికిత్స చేసే టెక్నీషియన్‌గా చేస్తున్నారు. ఇక మీదట ఇదంతా ఏఐయే చూసుకుంటుంది, మీ ఉద్యోగాలు ఉండవని మా అన్నయ్య అన్నప్పటి నుంచి ఆయనకు అదే దిగులు. మానేసి హైదరాబాద్‌లో ఏదో ఏఐ కోర్సు చేస్తానంటున్నారు, ఫీజుకు నా బంగారం తాకట్టు పెట్టమంటున్నారు. సంక్రాంతి ముందు హైవే మీద ఒక యాక్సిడెంట్ కేసుకు వెళ్లొచ్చారు, అప్పటి నుంచి సరిగ్గా నిద్ర కూడా పోవడం లేదు. పాప మీద ఊరికే కసురుకుంటున్నారు. నన్నేం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు బంగారం సంగతి. ఇప్పుడప్పుడే తాకట్టు పెట్టొద్దు. ఆయన మీద నమ్మకం లేక కాదు, నిద్రలేని మనిషి తీసుకున్న నిర్ణయానికి ఇంట్లో ఉన్న ఒక్క ఆధారం పణంగా పెట్టకూడదని.

మీ అన్నయ్య చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. ఫోన్ ఎత్తి వివరాలు రాసుకోవడం, దగ్గర్లో ఏ బండి ఖాళీగా ఉందో చూసి పంపడం, కేసు రికార్డు నింపడం, ఇలాంటివి యంత్రం చేయగలిగే పనులే. కాల్ సెంటర్‌లో కూర్చునేవాళ్లు ముందు ముందు తగ్గొచ్చు, అది నీ దగ్గర దాచను. అక్కడ కూడా పని అనుకున్నంత సులువుగా ఏం లేదు. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్‌లో అత్యవసర కాల్స్ వింటూ గుండె ఆగిన కేసును పసిగట్టే ఏఐని పెట్టి చూశారు. మనిషి కంటే ముందే పట్టేసింది. అయినా 2021లో వచ్చిన ఫలితాల్లో, యంత్రం హెచ్చరించిన కాల్స్‌కూ హెచ్చరించని కాల్స్‌కూ మధ్య, ఆపరేటర్లు గుర్తుపట్టడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇక మన దగ్గర, కంగారులో ఉన్న మనిషి ఫోన్ చేసి "రామాలయం దగ్గర సార్, త్వరగా రండి" అంటాడు. రామాలయం లేని ఊరేది?

మీ ఆయన పని ఫోన్ దగ్గర లేదు, బండిలో ఉంది. చీమకుర్తి క్వారీలో కాలు నలిగిన కూలీకి రక్తం ఆపాలి, కుదుపుల్లో నరం దొరకబట్టి సెలైన్ ఎక్కించాలి, బండి వెళ్లలేని సందులోంచి నిండు గర్భిణిని స్ట్రెచర్ మీద మోసుకురావాలి, ఆమెతో వచ్చిన అత్తగారిని కసురుకోకుండానే నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయో రాబట్టాలి. గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడానికి యంత్రాలున్నాయి, నిజమే. యూరప్‌లో జరిపి 2014, 2015లలో ఫలితాలు ప్రకటించిన రెండు పెద్ద పరీక్షల్లో అవి చేతులతో నొక్కినదానికంటే ఎక్కువమందిని బతికించలేకపోయాయి, పైగా వాటిని రోగికి బిగించడానికీ మనిషే కావాలి. 2005లో 108 మొదలైనప్పుడు పైలట్ (బండి డ్రైవర్) దారి అడుక్కుంటూ వెళ్లేవాడు, ఇప్పుడు బండి ఎక్కడుందో స్క్రీన్ మీద కనిపిస్తుంది. వెనకాల రోగి పక్కన కూర్చునే మనిషి అవసరం మాత్రం తగ్గలేదు.

ఇంతకంటే ముఖ్యమైనది నీ ఉత్తరం చివర్లో ఉంది. నిద్ర పోయింది ఏఐ మాటకా, ఆ యాక్సిడెంట్‌కా? నాకైతే రెండోదే అనిపిస్తోంది. ఉద్యోగం పోతుందేమో అని భార్యతో అనొచ్చు. ఆ రాత్రి రోడ్డు మీద చూసింది అన్నం ముందు కూర్చుని ఎలా చెబుతారు? చెప్పుకోలేనిది ఇలా వేరే దిగులుగా, పాప మీద కోపంగా బయటికొస్తుంది. ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఇది మామూలుగా జరిగేదే, పిరికితనం కాదు.

గుచ్చి గుచ్చి అడక్కు. డ్యూటీ దిగి స్నానం చేసి కూర్చున్నాక, "ఆ రోజు కేసు గురించి ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే చెప్పండి, నేను వింటాను" అని ఒక్కసారి అని వదిలేయ్. చెప్పినప్పుడు మధ్యలో ధైర్యం చెప్పొద్దు, సలహా అసలే వద్దు. టెలీ మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ముందు నువ్వే చేసి చూడు. మందు తాగడం అలవాటైనా, బతికి ఏం లాభం అన్న మాట ఒక్కసారి వచ్చినా ఆగొద్దు, ఒంగోలు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్యుల దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్లు.

ఉద్యోగం మాటకొస్తే, ఆయనకు అసలు ముప్పు ఏఐ కంటే కాంట్రాక్టుతోనే ఎక్కువ. 108ని నడిపే ఏజెన్సీ మారినప్పుడల్లా టెన్షనే కదా. పే స్లిప్పులు, అనుభవం సర్టిఫికెట్లు, పీఎఫ్ వివరాలు అన్నీ ఒక ఫైల్‌లో పెట్టించు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో అత్యవసర వైద్య టెక్నాలజిస్టులను (పారామెడిక్‌లను) కూడా చేర్చారు. ఆయన చదువుకు రిజిస్ట్రేషన్ వర్తిస్తుందో లేదో కనుక్కోమను. ఆసుపత్రుల క్యాజువాలిటీల్లో కూడా ఈ అనుభవానికి విలువుంది.

మీ అన్నయ్యకు మాత్రం నువ్వే ఫోన్ చేసి, ఒక నెలపాటు ఆయన ముందు ఈ మాట ఎత్తొద్దని చెప్పు. కోర్సు మీద ఆయనకు నిజంగానే మనసుంటే 'స్వయం' అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్‌లో ఉచితంగా చదువుకోవచ్చు, ఉద్యోగం మానక్కర్లేదు. నెల తర్వాత, నిద్ర కుదుటపడ్డాక కూడా హైదరాబాదే అంటే మళ్లీ రాయి, ఆ కోర్సు ఫీజు, నెల ఖర్చులు అన్నీ కలిపి లెక్క చూద్దాం.